ఎనుక ఇంజన్ ఉన్న కారు

పోయిన చలికాలం మా కోడలు నన్ను హన్మకొండ నుంచి పట్నం తీసుకపోతుంటె, జనగామ దాటినంక రోడ్డు పక్క హోటల్ కాడ చాయ్‌కు ఆగినం. ఆడ జనం గుమిగూడి ఉన్నరు. ఏందో గొడవ అనుకున్న. పక్కనే కుర్చీల కూసొని చూస్తె పాత కార్లు. పట్నంల పాత కార్లు సాదుకునేటోళ్లంత ఒక్కటై రామప్ప గుడి చూడటానికి బయలెల్లిన్రట. అన్నిట్లకెల్లి జనం ఎక్కువ మూగింది ఒక మీగడ రంగు కారు చుట్టు. గుండ్రటి వీపు, కప్ప కండ్ల అసొంటి దీపాలు. దాని యజమాని నవ్వుకుంట ముందటి మూత లేపిండు. లోపల ఒక టైరు, ఒక సంచి, అంతే. ట్రాక్టర్ దిగి వచ్చినాయన ఒకడు తొంగి చూసి, "అన్నా, నీ ఇంజన్ ఎవడో ఎత్కపోయిండే!" అన్నడు. అందరు నవ్విన్రు. అప్పుడు యజమాని ఎనుకకు పోయి ఇంకో మూత లేపిండు. "అరె, ఎనుక ఉన్నది!" అని ఒక్కపారి అందరి నోట వచ్చింది. ఫోన్లు బయటికి తీసిన్రు. మా కోడలు గూడ తీసింది. "అత్తయ్యా, రాండ్రి, చూద్దురు, ఇంజన్ ఎనుక ఉన్నదట" అని పిలిచింది. నేను కుర్చీల నుంచి లేవలె. చాయ్ చల్లగైంది. గా మూత లేపంగనే వచ్చిన కాలిన నూనె వాసన, పెట్రోల్ వాసన నాకు తెలుసు. దాంట్ల టింక్చర్ వాసన ఒక్కటి తక్కువైంది. అది మా బాపు వాసన.

మా బాపు మానుకోటల డాక్టరు. సర్కారు దవాఖాన డాక్టరు కాదు, మా ఇంటి ముందటి అర్రల్నె చూస్తుండె. పేరు లక్ష్మీనర్సయ్య అయితె చుట్టుపక్కల ఊర్లల్ల ఆయన్ని ఎవరు పేరు పెట్టి పిలవకపోదురు, 'కోట డాక్టరు' అందురు. పొద్దుగాల్నె మా అమ్మ పొయ్యి మీద ఒక గిన్నెల సూదులు ఉడకబెడుతుండె, పక్క పొయ్యి మీద అంబలి కాస్తుండె. రెండు ఆవిర్లు కలిసి ఇల్లంత ఒక తీరు వాసన వచ్చేది. ఇప్పటికి గూడ నాకు జొన్న అంబలి ముందల పెడితె ఏడనో సూది వేస్తున్నరేమో అనిపిస్తది. బాపు మాట తక్కువ మనిషి. ఎవరన్న బాగ కోపంగ మాట్లాడితె అద్దాలు తీసి ధోతి కొంగుతోని తుడుసుకుంట కూసునేది. ఎదుటోళ్ల కోపం అయిపోయేదాక తుడుస్తనే ఉండేది.

కారు మా ఇంటికి ఎట్ల వచ్చిందంటె, బయ్యారం గుట్టలల్ల ఇనుపరాయి ఎంతున్నదో చూడటానికి ఒక పరదేశి ఇంజనీరు వచ్చి డేరా ఏసుకొని ఉండె. ఆయనకు చలిజ్వరం పట్టి మంచంల పడితె బాపు దినాం పోయి మందు ఇచ్చిండు. లేచి కూసున్నంక ఆయన దేశం పోయేటప్పుడు, దీన్ని ఓడల ఏసుకొని పోలేను, నీకైతె పనికొస్తదని బాపుకు అగ్గువకు ఇచ్చి పోయిండు. బాపు దాన్ని బయ్యారం నుంచి తోలుకొని వచ్చిన దినం మా వాడ వాడంత దర్వాజల కాడ నిలబడ్డది. సప్పుడు ముందుగాల రావాలె కదా, రాలె. బండి ముందట పోయింది, సప్పుడు ఎనుక వచ్చింది. మా అవ్వ, అంటె బాపు వాళ్ల అమ్మ, కారు చుట్టు ఒక్కసారి తిరిగొచ్చి ముందటి మూత లేపమన్నది. లోపల ఖాళీ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ముంగట ఎద్దు లేదు, ఇంజన్ లేదు. ఎవల నమ్ముకొని కూసోవాలెరా దీంట్ల?" అన్నది. చచ్చిపోయేదాక ఎక్కలె. తీర్థాలకు గూడ ఎడ్లబండి మీదనే పోయింది.

ఎక్కినోళ్లు ఎక్కిన్రు, ఎక్కనోళ్లు చూసిన్రు. బాపు ఊర్లు తిరిగేటప్పుడు సెలవు దినాలల్ల నన్ను ఎంట తీసుకపోయేది. కట్లు కట్టుడు, సీసాలల్ల మందు పోసుడు నేను చేసేదాన్ని. కేసముద్రం మార్కెట్ కాడ లారీలోళ్లు ఎండకాలంల ఇంజన్ మీద బకెట్ల కొద్ది నీళ్లు పోసుకుంట ఉంటె, మా కారు సల్లగ వచ్చి వాళ్ల పక్కన నిలబడేది. "నీళ్లు ఏడ పోస్తవు సార్?" అని అడిగేటోళ్లు. "దీనికి నీళ్లు లేవు, గాలితోనే సల్లబడతది" అని బాపు అంటె ఎవరు నమ్మకపోదురు. ఒక సర్దార్ డ్రైవర్ అయితె కారు కిందికి పోయి పండుకొని, ఏడన్న నీళ్ల పైపు దాసిపెట్టిన్రా అని ఎతికిండు. పెద్దవంగర అవతల ఒక తండా ఉండె. ఆ తండాల సోమ్లి అనే ముసలామె కోడలికి కాన్పు కష్టమైతె బాపు పోయి బతికిచ్చిండు. అప్పటి నుంచి మేము ఎప్పుడు పోయినా సోమ్లి ముందు కారుకు ఒక గంగాళంల నీళ్లు తెచ్చి దాని మూతి ముందట పెట్టేది, ఎడ్లకు పెట్టినట్టు. తర్వాతనే మాకు మజ్జిగ. బాపు నవ్వి, తండాలోళ్లు అమ్మను పిలిచినట్టు, "యాడీ, ఇది నీళ్లు తాగదు" అంటె, ఆమె వాళ్ల భాషల ఏదో అన్నది. కోడలు సిగ్గుపడుకుంట తెలుగుల చెప్పింది, "తాగకున్నా మంచిదే, పెట్టకుంటె తప్పు అంటుంది." 

ఇగ రంగా మామ ముచ్చట. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, జనగామల వకీలు. అమ్మ కన్న చానా చిన్నోడు, అమ్మే ఎత్తుకొని పెంచింది. తెల్లటి అంగీ, ఉంగరాల జుట్టు, గలగల నవ్వు. ఆయన మా ఇంటికి వస్తున్నడంటె అమ్మ పొద్దటి నుంచి సర్వపిండి గిన్నెకు ఒత్తుతుండె. ఆయన మాట్లాడుతుంటె పొయ్యి మీద పాలు పొంగినా ఎవరికి సోయి ఉండకపోయేది. నేను కాలేజీల చేరిన ఏడు, నన్ను రంగా మామకే ఇయ్యాలని ఇంట్ల అనుకుంటుండిరి. నా ముందట ఎవరు అనలె గని, సర్వపిండి పళ్లెం ఆయన ముందట పెట్టి రమ్మని అమ్మ నన్నే పంపేది. నాకు గూడ అది తెలుసు. ఆ పళ్లెం పట్టుకొని నడిచేటప్పుడు నా కాళ్లు భూమికి ఆనకపోయేది అంటె ఇప్పుడు నా మనుమరాండ్లు నవ్వుతరు.

గదే ఏడు తెలంగాణ కోసం మొదటి ఉద్యమం లేచింది. బడులు, కాలేజీలు మూతపడ్డయి. కొలువులు మనయి మనకే కావాలె, మన రాష్ట్రం మనకు కావాలె అని పోరగాండ్లు రోడ్ల మీదికి వచ్చిన్రు. కాల్పులైనయి, ఊరూర శవాలు లేచినయి. రంగా మామ కోర్టుకు పోవుడు బంద్ పెట్టి ఊర్లు పట్టుకొని తిరిగిండు. బస్సులు నడుస్తలెవ్వు. "బావా, నీ కారు ఇయ్యి" అన్నడు. బాపు కారు ఒక్కటే ఇయ్యలె, తాను గూడ పోయిండు, ఎందుకంటె దాన్ని ఇంకొకరు తోలితె ఆయనకు పానం ఒప్పకపోయేది. రోగులను చూసే ఊర్లల్లనే సభలు పెట్టుకుందమని బాపే అన్నడు. పొద్దుగాల సూదులు, మాపటికి సభ. నేను ఎంట పోయిన.

ఊర్లె జనం సభకు రాకున్నా కారు చూడటానికి వచ్చేది. గది రంగా మామ తొందరగనే కనిపెట్టిండు. ఊరి కచేరి కాడనో, కల్లం కాడనో కారు ఆపి, మాట్లాడకుంట ముందటి మూత లేపేటోడు. "ఇంజన్ ఏదీ? ఇంజన్ ఏదీ?" అని గోల లేచేది. ముసలోళ్లు చేతికట్టెలతోని లోపల పొడిచి చూసేది. గా గోల పెరిగేదాక ఊకుండి, అప్పుడు మెల్లగ ఎనుకకు నడిచి ఎనుక మూత లేపేటోడు. జనమంత ఒక్కపారి ముందట నుంచి ఎనుకకు ఉరికేది. అప్పుడు ఆయన కారు నెత్తి మీద ఎక్కి నిలబడి మాట్లాడేటోడు. "చూసిన్రా! ముందట కనపడేది ఉత్త డబ్బ. దీపాలు దానికే, మెరుపులు దానికే. బండిని నూకేది ఎవరు? ఎనుక ఉన్నోళ్లు. గా ఎనుక ఉన్నోళ్లం మనమే. సెగ మనకు, షోకు వాళ్లకు! ఇంకెన్నొద్దులు నూకుదం?" ఆ మాటకు చప్పట్లు పడేవి, ఏడ్పులు గూడ పడేవి. సోమ్లి తండాల అయితె ఆడోళ్లు ఆయన చుట్టు నిలబడి పాట పాడిన్రు. నేను కారు లోపల కూసొని వినుకుంట, ఈ మనిషి మా ఇంటి మనిషి అనుకుంటె నాకు గుండె నిండిపోయేది. బాపు మాత్రం స్టీరింగు పట్టుకొని ఎటో చూసుకుంట ఉండేది. ఒకసారి మాత్రం, "మీ మామ మాట మంచిగ చెప్తడు" అన్నడు. గంతే.

ఆ కారుల ఎవరికి తెల్వని జాగ ఒకటి ఉండె. ఎనుక సీటు ఆనుకునే పలక ముందుకు గుంజితె, దాని ఎనుక, ఇంజన్ మీద, ఒక గుంత. ఊర్లల్ల పంచే కాగితాలు, గోడలకు అతికే రాతలు దాంట్ల పెడుతుంటిమి. బంద్ ఏ రోజు, ఏ దారి ఆపాలె, గవన్ని. పోలీసులు అసొంటి కాగితాలు దొరికితె సీదా లోపల వేస్తున్న దినాలు. రాతలు రాసేది నేను, మూట కట్టేది నేను, గుంతల పెట్టేది బాపు. ఆ జాగ సంగతి ఎరిగినోళ్లం ముగ్గురమే, బాపు, రంగా మామ, నేను. అమ్మకు గూడ చెప్పలె, భయపడతదని.

ఒకనాడు పెద్దవంగర నుంచి తిరిగి వస్తుంటె మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద పోలీసులు ఆపిన్రు. బాపు తోలుతున్నడు, మామ, నేను ఎనుక కూసున్నం. మా వీపుల ఎనుకనే మూట. ఇన్‌స్పెక్టరు కోస్తా దిక్కు మనిషి. జమేదారు మనోడే. జమేదారు వచ్చి ఇంజన్ చూస్తనని ముందటి మూత లేపి, "సార్, ఇంజన్ లేదు!" అని అరిచిండు.

"ఇంజన్ లేకుండా ఎలా వచ్చిందయ్యా, తోసుకొచ్చారా?" అన్నడు ఇన్‌స్పెక్టరు.

"ఎనుక ఉన్నది సార్" అన్నడు బాపు.

ఎనుక మూత లేపిన్రు. ఇద్దరు జవాన్లు నోరు తెరిచి చూసిన్రు. "మరి డిక్కీ ఏదీ?" అన్నడు ఇన్‌స్పెక్టరు. "మీరు ముందుగాల చూసిందే డిక్కీ" అన్నడు బాపు. ఆయన ముందటికి పోయిండు, ఎనుకకు వచ్చిండు, టోపీ తీసి నవ్విండు. "తలకిందుల కారు, తలకిందుల మనుషులు" అని, బాపు సంచిల సూదులు, మందులు చూసి పోనిచ్చిండు. మలుపు తిరిగినంక రంగా మామ కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "పిల్లా, మన బండే మనల్ని కాపాడింది" అని నా చెయ్యి పట్టుకున్నడు. అప్పటిదాక ఆయన నా చెయ్యి పట్టుకోలె. నా బతుకుల అసొంటి సంతోషం ముందు లేదు, తర్వాత లేదు.

ఆ వారంలనే జనగామల రంగా మామను పోలీసులు పట్టుకపోయిన్రని కబురొచ్చింది. అమ్మ పొయ్యి ఆర్పేసి దర్వాజల కూసున్నది. ఇంతల్నె మాపటికి ఒక లారీ డ్రైవరు తోని మామ కబురు పంపిండు. 'నాకేం కాలె, ఇడిచిపెట్టిన్రు, అక్కను పరేషాన్ కావొద్దనుండ్రి.' అమ్మ దేవుని ముందట దీపం పెట్టింది.

తెల్లారి పొద్దెక్కినంక మా ఇంటి ముందట జీపు ఆగింది. అదే ఇన్‌స్పెక్టరు. ఆ రోజు నవ్వినోడు ఇయ్యాల నవ్వలె. ఆయన ముందటి మూత దిక్కు చూడలె. ఎనుక మూత దిక్కు చూడలె. సీదా తలుపు తెరిచి, ముందు సీటు వంచి, లోపలికి ఒంగి, ఎనుక సీటు పలక పట్టి ముందుకు గుంజిండు. గుంతల చెయ్యి పెట్టి మూట బయటికి తీసిండు. ఇంట్ల తన పెట్టె తానే తీసుకున్నంత సులువుగ తీసిండు. నేను దర్వాజల నిలబడి ఉన్న. బాపు నా దిక్కు చూసిండు, నేను బాపు దిక్కు చూసిన. ఇద్దరికి ఒక్కటే సమజైంది. ముగ్గురిల ఇద్దరం ఈడ ఉన్నం.

మూట నా పాత ఓణీల కట్టి ఉండె. "ఈ ఓణీ ఎవరిది?" అన్నడు ఇన్‌స్పెక్టరు.

"ఇంట్ల పాత గుడ్డ. మూట కట్టింది నేను" అన్నడు బాపు.

"రాత?"

"నాదే."

ఆయన కాగితం ఎత్తి పట్టుకొని చూసిండు. "డాక్టరు రాత ఇంత గుండ్రంగా ఉంటుందా?"

"మందుల చీటీకి వేరే రాస్త, దీనికి వేరే రాస్త" అన్నడు బాపు. అని అద్దాలు తీసి తుడుసుకున్నడు.

ఇన్‌స్పెక్టరు నా దిక్కు చూసిండు. ఆయనకు తెలుసు. ఎందుకో ఊకున్నడు. బాపును జీపుల ఎక్కించిన్రు. కారును తాడు కట్టి గుంజుకపోయిన్రు. అమ్మకు అప్పటిదాక ఏం సమజ్ కాలె. "ఆయన సూదులు! సూదులు ఉడుకుతున్నయి!" అని జీపు ఎంబడి ఉరికింది. పొయ్యి మీద నిజంగనే సూదులు ఉడుకుతున్నయి. నీళ్లు ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాక ఎవరం దించలె.

బాపు వానకాలమంత జైల్ల ఉన్నడు. రోగులు వచ్చి దర్వాజ చూసి పోయేటోళ్లు. సోమ్లి తండా నుంచి నడుసుకుంట వచ్చి మా అరుగు మీద మక్కకంకులు పెట్టి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి పోయింది. రంగా మామ రాలె. ఉద్యమం పని మీద తిరుగుతున్నడన్నరు, పట్నంల ఉన్నడన్నరు. అమ్మ ఆయన్ని వెనకేసుకొచ్చింది. "పాపం పిలగాడు, వాణ్ని గూడ పడతరని దాక్కున్నడు" అన్నది. నేను సీటు ఎనుక సంగతి చెప్తె నన్ను కొట్టినంత పని చేసింది. "నా తమ్ముని మీద అసొంటి మాట అంటె నీ నాలుక పడిపోతది" అన్నది.

బాపు ఇంటికి వచ్చిండు. మనిషి సగమైండు, దగ్గు పట్టుకున్నది. కారు ఠాణా ఎనుక ఎండకు వానకు పడి ఉన్నది. బాపు అడగలె. సైకిల్ మీద సంచి తగిలించుకొని ఊర్లకు పోయిండు. తర్వాత ఏడు ఉద్యమం చల్లబడ్డది. ముందట నడిచిన పెద్దలు ఒక్కొక్కలు సర్కారు దిక్కు జరిగిన్రు. మా రంగా మామ గూడ జరిగిండు. ఆయనకు ఏదో పదవి వచ్చిందని, ఒక పెద్దమనిషి బిడ్డతోని లగ్గం ఖాయమైందని విన్నం. సర్వపిండి పళ్లెం సంగతి ఇంట్ల మళ్ల ఎవరు ఎత్తలె.

ఆ దసరాకు రంగా మామ వచ్చిండు. తెల్లటి సర్కారు కారు, డ్రైవరు, ముందట జెండా. మా ఇంట్ల మటన్ ఉడుకుతున్నది, వాసన వీధిదాక పోతున్నది. మామ చేతుల జమ్మి ఆకు పట్టుకొని నవ్వుకుంట మెట్లెక్కిండు. అమ్మ దర్వాజల అడ్డం నిలబడ్డది.

"తమ్మీ, ఒక్కటి అడుగుత, సీదా చెప్పు. సీటు ఎనుక సంగతి పోలీసోళ్లకు ఎవరు చెప్పిన్రు?"

"పండుగ పూట గవన్ని ఎందుకక్కా?"

"చెప్పు."

ఆయన ఆకు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నడు. "ఎవరన్న ఒక్కరు దొరకాలె అన్నరక్కా. నేను లోపలికి పోతె ఉద్యమం ఆగిపోతది. బావకు రాజకీయం లేదు, మర్యాదస్తుడు, నాలుగొద్దులల్ల ఇడుస్తరు అనుకున్న."

"మరి నీ ఉద్యమం ఇప్పుడు ఏడున్నదిరా?"

ఎనుక నుంచి బాపు దగ్గుకుంట వచ్చిండు. "రంగా, వచ్చినవా. లోపలికి రా, అన్నం తిని పో" అన్నడు. బాపు ఆ మాట ఎట్ల అనగలిగిండో నాకు ఈనాటికి తెల్వది. అమ్మ మాత్రం జరగలె. "ఇంట్ల అన్నం లేదు" అన్నది. ఉడికిన మటన్ వాసన మా అందరి మధ్యల నిలబడి ఉన్నది. మామ ఆకు అరుగు మీద పెట్టి దిగి పోయిండు. అమ్మ లోపలికి వచ్చి ఆ రోజు వండింది ముట్టలె.

ఇగ మిగిలిన బతుకంత మామూలుగనే గడిచింది. నాకు టీచరు కొలువు వచ్చి భూపాలపల్లి అడవి దిక్కు చానా ఏండ్లు చేసిన. పెండ్లయింది, పిల్లలైన్రు. అమ్మ ముసలితనంల మంచాన పడ్డంక, అన్నం లేదని వెళ్లగొట్టిన ఆ తమ్ముణ్నే కలవరించింది. "రంగడు వచ్చిండా?" అని ఘడియకోసారి అడిగేది. బాపు మంచం పక్కన కూసొని, "బయలెల్లిండట, వస్తున్నడు" అనేటోడు. పక్కింటికి పోయి ఫోన్ చేసింది గూడ బాపే. ఎలక్షన్ల పనుందని రంగా మామ రాలె. అమ్మ ఆ 'వస్తున్నడు' నమ్ముకొనే కండ్లు మూసింది. రెండేండ్లకు బాపు గూడ పోయిండు. జైలు ముచ్చట గని, ఆ దసరా తర్వాత రంగా మామ పేరు గని ఆయన నోట నేను వినలె.

తర్వాత చానా కాలానికి రెండో ఉద్యమం లేచింది. నేను గూడ రోడ్ల మీద వంటలు చేసిన, రైలు పట్టాల మీద కూసున్న. మంచిగనిపించింది. ఆ దినాలల్లనే జనగామల ఒక ఫంక్షన్ హాల్ల మొదటి ఉద్యమం పెద్దలకు సన్మానమని పిలిస్తె పోయిన. వేదిక మీద నడుమ కుర్చీల రంగా మామ. గాలి ఎటు తిరిగితె అటు తిరిగే మనిషి, మళ్ల ఉద్యమం దిక్కు తిరిగిండు. జుట్టంత తెల్లబడ్డది, గలగల నవ్వు మాత్రం అట్లనే ఉన్నది. శాలువ కప్పినంక మైకు పట్టుకున్నడు. ఎనుక ఇంజన్ కారు ముచ్చట ఎత్తుకున్నడు. మూత లేపుడు, జనం ఉరుకుడు, సెగ మనకు, షోకు వాళ్లకు. హాలంత నవ్వింది, ఈలలు ఏసింది. నాకు గూడ ఒక్క ఘడియ, పెదవుల మీదికి నవ్వు వచ్చింది, ఏం దాసుకోవాలె. తర్వాత ఆయన గొంతు తగ్గించిండు.

"గా కారుల కాగితాలు దొరికినయి. నేను వానకాలమంత జైల్ల ఉన్న. గా దగ్గు నన్ను ఇడవలె. మా అక్క బిడ్డ భారతి గిడనే కూసున్నది, అడుగుండ్రి కావాలంటె. లే బిడ్డా, చెప్పు."

ఆయన నన్ను పిలిచిండు. నేను ఏం అననని అంత ధీమా ఉండె ఆయనకు. ఎవరో నా చేతికి మైకు ఇచ్చిన్రు. నేను లేచి నిలబడ్డ. "జైలుకు పోయింది మామ కాదు. మా బాపు, డాక్టర్ లక్ష్మీనర్సయ్య. కాగితాలు ఏడ ఉన్నయో పోలీసులకు చెప్పింది మామ. దగ్గు మా బాపుది" అన్న.

రంగా మామ ఒక్క రెప్ప గూడ వాల్చలె. నవ్విండు. మెల్లగ మైకు దగ్గరికి ఒంగి, "అవును, మా బావ గూడ మస్తు కష్టపడ్డడు. పిల్ల వాళ్ల బాపును యాది చేసుకొని పరేషాన్ అయితున్నది. గసొంటి కుటుంబాల త్యాగమే ఇయ్యాల మనల్ని ఈడికి తెచ్చింది! జై తెలంగాణ!" అన్నడు. హాలంత లేచి నిలబడి జై కొట్టింది. నా చేతిల మైకు ఎవరో తీసుకున్నరు. నా పక్కన కూసున్నామె నా భుజం మీద చెయ్యేసి, "ఏడవకు అక్కా" అన్నది. అప్పుడు నాకు తెలిసింది, నా కండ్ల నుంచి నీళ్లు కారుతున్నయని.

బయట మెట్ల మీద రంగా మామ నా దగ్గరికి వచ్చిండు. డ్రైవరును ఆగమని చెయ్యి ఊపి, "ఎందుకే ఇంక కోపం? ఎన్నేండ్లయింది? మీ బాపు గూడ ఏమనలె కదా" అన్నడు.

"ఆయన అనలె. నేను అంటున్న" అన్న.

"ఎవరికి కావాలె బిడ్డా ఇప్పుడు?" అన్నడు. కోపంగ అనలె, నిజంగనే అడిగినట్టు అన్నడు. అని కారెక్కిండు.

ఒక మాట చెప్పాలె. మొదటి ఉద్యమంల మాకు టీవీలు లేకుండె, ఫోన్లు లేకుండె. ఒకరి ముచ్చట ఒకరు నోటితోని చెప్పుకున్నం. అందుకనే అబద్ధం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేసరికి అలిసిపోయేది, ఎవరో ఒకరు, 'కాదు, నేను చూసిన' అని ఆపేటోళ్లు. సోమ్లి చూసింది. జమేదారు చూసిండు. మా వాడంత చూసింది. ఇప్పుడు వాళ్లంత మట్టిల కలిసిన్రు. చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన, నా మాట చప్పట్లల్ల పోయింది. తర్వాత రాష్ట్రం వచ్చింది. సంతోషపడ్డ, పాయసం వండిన, వాడంత పంచిన. బాపు కోరిందే కదా అది. గని రాష్ట్రం వచ్చిన సంతోషం ఒక అర్రల, ఇది ఒక అర్రల ఉన్నయి. నడుమ తలుపు లేదు.

ఆ సన్మానం నాడు మాపటికి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటె పక్కింటి సుజాత ఉరికొచ్చింది. "టీచరమ్మా, మీరు టీవీల వస్తున్నరు!" అని నా చెయ్యి పట్టి గుంజుకపోయింది. వాళ్లింట్ల అందరు కూసొని చూస్తున్నరు. రంగా మామ మాట్లాడుతున్నడు, నవ్వుతున్నడు, గొంతు తగ్గించి జైలు అంటున్నడు. తర్వాత నేను. మైకు పట్టుకొని నిలబడి ఉన్న, పెదవులు కదులుతున్నయి, మాట మాత్రం వినపడదు, దాని మీద ఉద్యమం పాట పెట్టిన్రు. కండ్లల్ల నీళ్లు మాత్రం దగ్గరికి తెచ్చి చూపెట్టిన్రు. కింద ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు ఉరుకుతున్నయి, 'మేనమామ త్యాగాన్ని తలచుకొని కంటతడి పెట్టిన మేనకోడలు.'

సుజాత నా దిక్కు తిరిగి రెండు చేతులు జోడించింది. ఆమె కండ్లల్ల గూడ నీళ్లున్నయి. "మీ మామ గింత గొప్పోడని ఒక్కనాడు చెప్పకపోతిరి టీచరమ్మా" అన్నది.

"కూసో సుజాతా. చెప్త. అసలు సంగతి వేరే ఉన్నది" అన్న.

"రేపొస్త టీచరమ్మా, పొయ్యి మీద కూర ఉన్నది" అన్నది.

తెల్లారి వస్తదని చాపేసి కూసున్న. రాలె.